కవలల పోలిక తనిఖీ

ఒకే కడుపున ఒకేసారి పుట్టిన ఇద్దరు, సర్కారు అనుమతి లేకుండా వేరువేరుగా మారడం నేరమని సూర్యాపేట పోలికల దఫ్తరు 1949లో ప్రకటించింది.

కవలల కార్డు మీద ఇచ్చే కంట్రోలు రేషన్ జొన్నల కోసం లేని కవలలను పుట్టించుకునేవాళ్లు ఎక్కువయ్యారట. అందుకని కవలలు ఏటా జంటగా వచ్చి, తనిఖీ చేసే అధికారి, పోలికల నాజరు ముత్తయ్య ముందు నిలబడి, ఒకేలా ఉన్నామని రుజువు చేసుకోవాలి. లేకుంటే కార్డు జప్తు.

కవల అక్కచెల్లెళ్లు గరిడేపల్లి సైదమ్మ, మిర్యాలగూడ సాయమ్మ అలా వచ్చి నిలబడ్డారు. సాయమ్మను బియ్యం దుకాణం ఉన్న ఇంటికి ఇచ్చారు, ఒళ్లు నిండుగా ఉంది. సైదమ్మ పదిహేనేళ్లు దొర పొలంలో వెట్టి చేసింది. వెట్టి రద్దయిందని ఊళ్లో దండోరా వేశారు గానీ, ఆ కబురు ఆమె నడుముకు ఇంకా అందలేదు. ఆమె చంకలో రెండేళ్ల కూతురు పుష్ప ఏడాది పిల్లలా ఉంది. ఆ ఇంట్లో తిండంటే కార్డు మీద వచ్చే జొన్నలే.

ముత్తయ్య చెడ్డవాడేమీ కాదు. కార్డు తన దగ్గర పెట్టుకుని, కొలిచి చూద్దామన్నాడు. (కొలిచే టేపు కోదాడలో ఉంది. అది రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజుల్లో సైదమ్మ మరికాస్త చిక్కింది. ఆ తేడానూ ఆమె తప్పు కిందే రాశారు.) చెంప, మెడ, జబ్బ, ఏదీ కలవలేదు.

పురుడు పోసిన మంత్రసాని లింగమ్మను సాక్ష్యానికి పిలిచారు.

"ఇద్దరిది ఒక్క ఇత్తనమే అయ్యా. సగం నీళ్లున్న తరిల పడ్డది, సగం ఎండిన చెల్కల పడ్డది. ఏ గుణం లేవాల్నో, ఏది పండుకోవాల్నో తిన్న తిండి, పడ్డ కష్టం సూసుకుంటయి. పిల్ల కడుపుల ఉన్నప్పుడు గీ తల్లి తాగింది ఉత్త అంబలి. ఇగ పిల్ల గిట్లగాక ఇంకెట్లుంటది?"

మనుషుల్ని మార్చే అధికారం తిండికీ కష్టానికీ ఎవరిచ్చారని ముత్తయ్య అడిగాడు. లింగమ్మ దగ్గర ఉత్తర్వు కాగితం లేదు. సాక్ష్యం చెల్లలేదు.

అయినా దయతలచి ఆరు నెలల గడువిచ్చాడు, అంతవరకు సగం జొన్నలు. ఈలోగా ఎవరో ఒకరు రెండోవారిలా మారాలి. చెల్లెలి ఇంటి బియ్యం తాలూకా దాటించడం నేరం. కార్డు గరిడేపల్లిది కాబట్టి, సైదమ్మే మిర్యాలగూడ పోతే ఊరు విడిచినందుకు అది రద్దు. సైదమ్మను సాయమ్మలా చేసే శాఖ సర్కారులో లేదు. సాయమ్మను సైదమ్మలా చేయడానికి ఏ శాఖా అక్కర్లేదు.

సాయమ్మ పిల్ల వైపు చూసింది. "నేనే వస్తనక్కా. కార్డు పోతే పిల్ల దక్కదు" అంది. (ఆమెకు అప్పటికే మూడో నెల. ఫారంలో దానికి గడి లేదు.)

గరిడేపల్లిలో అక్కతోపాటు నాట్లు వేసింది, కలుపు తీసింది, అంబలి తాగింది. తన వంతులో సగం పుష్పకే పోసింది.

ఆరు నెలలకు పోలిక కుదిరింది. (కడుపు కొలవాలని నిబంధనలో లేదు.) ముత్తయ్య స్వయంగా కార్డు చేతికిచ్చి, ఇకముందు ఇలాగే ఉండమని ఇద్దరినీ దీవించాడు.

ఆ వారమే సాయమ్మకు బిడ్డ పుట్టింది. పిడికెడంత ఉంది, అచ్చం పుష్ప పుట్టినప్పటిలాగే. దఫ్తరు ఆ సంగతిని వంశ లక్షణం కింద నమోదు చేసుకుంది.