ఛైర్మన్ గారి యాంటెనా

"ఆకాశం ఎవడబ్బ సొత్తూ కాదు!" అని వెండెల్ క్రౌస్ గారు అక్టోబరు నెలలో ప్రకటించారు. కేబుల్ కంపెనీకి ఫోన్ చేసి, కనెక్షన్ పీకేసుకోమని చెప్పి, ఫోన్ పెట్టేసిన మరుక్షణం వెలువడిన ప్రకటన అది. గాల్లో ఉచితంగా తిరిగే బొమ్మలకి బిల్లు కట్టేవాడంత తెలివితక్కువవాడు ఇంకొకడు లేడన్నారు. విన్నది భార్య మార్లిస్ ఒక్కతే. ఆవిడకి వంటింట్లో పనుండి వెళ్ళిపోయింది గానీ, లేకపోతే చప్పట్లు కొట్టి ఉండేదే!

అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో హేజెల్ గ్లెన్ కాలనీకి వెండెల్ గారు సామాన్యుడు కాదు. నివాసుల సంఘంలో సౌందర్య పరిరక్షణ కమిటీ ఛైర్మన్! చెత్తడబ్బా ఏ గంటకి వీధిలోకి రావాలో, వీధి తలుపుకి ఏ రంగు వేస్తే కాలనీ పరువు నిలుస్తుందో ఆయనే తేల్చాలి. ఇళ్ళన్నిటి గోడలకీ బయట ఒకే రకం లేత గోధుమరంగు అల్యూమినియం రేకు తొడిగించింది ఆయనే. మూడేళ్ళ క్రితం ఎదురింటి ఆర్విన్ డాబ్స్ ఇంటికప్పు మీద యాంటెనా కనబడితే, "సదరు వస్తువు చేప ముల్లును పోలియుండి చూపరుల మనస్సుకు క్లేశము కలిగించుచున్నది" అని నోటీసు రాసి దింపించిందీ ఆయనే.

కాబట్టి ఛైర్మన్ గారి యాంటెనా ఇంట్లోనే ఉండాలి. ఉండి కూడా కనబడకూడదు!

తొందర దేనికంటే, మనవరాలు టెస్సా బడి బ్యాండులో ట్రాంబోన్ అనే పొడుగాటి బూర వాయిస్తుంది. థాంక్స్‌గివింగ్ పండగనాడు పట్నంలో జరిగే ఊరేగింపులో ఈ ఏడాది వాళ్ళ బ్యాండుకి చోటు దొరికింది. స్థానిక ఛానెల్లో ప్రత్యక్ష ప్రసారం. "వరసలో చివర నేనే తాతా! మూల తిరిగేటప్పుడు ఒక్కదాన్నే కనబడతాను. తప్పకుండా చూడు, ఏం?" అని ఫోన్లో చెప్పింది. ఆ ముక్క చెప్పుకోడానికి తాతగారు కాలనీ అంతా రెండు చుట్లు తిరిగారు.

"నలభై మైళ్ళేగా! కారేసుకుని వెళ్ళి కళ్ళారా చూద్దాం," అంది మార్లిస్.

"ఎలా వెళ్తాం? వీధి వీధంతా మనింటికి పిలిచేశాను. ఆకాశంలోంచి బొమ్మ ఉచితంగా ఎలా దిగుతుందో చూపిస్తానని!"

"దిగాక పిలవచ్చుగా వెండెల్?"

ఇలాంటి ప్రశ్నలకి ఛైర్మన్లు జవాబు చెప్పరు.

మొదట కొన్న యాంటెనా అప్పడమంత పల్చన. యాభై మైళ్ళు లాగుతుందని పెట్టె మీద రాశారు. సోఫా వెనక అతికించి, ఛానెళ్ళు వెతకమని టీవీకి ఆజ్ఞ ఇచ్చారు. అది కిందా మీదా పడి వంటల ఛానెల్ ఒకటి, దేవుడి ఛానెల్ ఒకటి పట్టుకొచ్చింది. వెళ్ళి నూట ఇరవై మైళ్ళది తెచ్చారు. వంటలు పోయాయి. ఆయనకి పౌరుషం వచ్చి మూడొందల మైళ్ళది తెచ్చారు. ఈసారి దేవుడు కూడా పోయాడు!

కొట్లో అమ్మే ఆవిడకి జాలేసింది. "మీ గోడలకి బయట ఏముంది సార్?"

"అల్యూమినియం రేకు."

"ఇంకేం! రేకు డబ్బాలో కూర్చున్నట్టే. లోపలికి సిగ్నల్ ఎక్కడ దూరుతుంది? ఎవరు చేయించారండీ ఆ పని?"

"ఏదో... కమిటీ," అన్నారు వెండెల్, ఆ కమిటీ మొహం ఎన్నడూ ఎరగనట్టు.

"పోనీ రెండు కడ్డీలుండే పాతరకం తీసుకుని కిటికీలో పెట్టండి. కొంత నయం."

"కిటికీలోనా! వీధిలోకి కనబడదూ?" అని అదిరిపడి, పొద్దుతిరుగుడు పూల పటంలా కనిపించే యాంటెనా ఒకటి కొనుక్కొచ్చారు. గోడకి చాలా అందంగా ఉంది. యాంటెనా పని తప్ప అన్నీ చేస్తోంది.

పండగ పొద్దున టర్కీకోడి ఓవెన్లో వేగుతోంది. గుమ్మడికాయ తీపి వంటకాలు పట్టుకుని పదకొండుమంది వచ్చి కూర్చున్నారు. ఆర్విన్ కూడా వచ్చాడు. తెర మీద ఊరేగింపు ఒక్క క్షణం మెరిసి, ముక్కలు చెక్కలై ఆగిపోయింది. పాత టీవీ అయితే కనీసం చుక్కల వానలో మనిషి నీడైనా ఆడేది. ఈ డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు!

"ఫోన్లో రాదా?" అన్నారెవరో. మార్లిస్ ప్రయత్నించింది. ముందు మీ కేబుల్ కంపెనీ ఏదో చెప్పమని అడిగింది ఫోను. అందరూ వెండెల్ వైపు చూశారు.

"పావుగంటలో బడి బ్యాండ్లు..." అని టీవీలో గొంతు పలికి మూగబోయింది. పిల్లకి ఏం చెప్పాలి? వెండెల్ పరువు చంపుకుని ఆర్విన్ పక్కకి చేరారు.

"ఆర్విన్, ఆ... నీ చేప ముల్లు ఇంకా ఉందా?"

"గ్యారేజీలో భద్రంగా ఉంది ఛైర్మన్ గారూ! చూపరుల మనస్సుకు క్లేశము కలగకుండా దుప్పటి కప్పాను."

నిచ్చెన వేశారు. ఆర్విన్‌కి మోకాళ్ళ నొప్పులు. ఎక్కాల్సింది తాతగారే. బిగించడానికి స్తంభం లేదు కనక పట్టుకుని నిలబడాల్సిందీ ఆయనే. కిటికీలోంచి మార్లిస్ కేక పెట్టింది: "వచ్చింది! అద్దంలా ఉంది! కదిలావో, పోతుంది!"

అప్పుడు లోపల కూర్చున్న కమిటీ కార్యదర్శి గ్లెన్నా ఇంటిముందు పచ్చిక మీదికి వచ్చి పైకి చూసింది. వెనకే సగంమంది వచ్చారు, ఆర్విన్ కూడా. "ఛైర్మన్ గారూ! నిబంధన పద్నాలుగు. ఇంటికప్పు మీద యాంటెనా నిషిద్ధం. రికార్డులో రాసుకోనా?"

"నిషిద్ధమేమిటి, నీ మొహం!" అని ఛైర్మన్ గారు కప్పు మీంచి గర్జించారు. "యాంటెనా పెట్టుకోవద్దనే హక్కు ఏ సంఘానికీ లేదు. దేశమంతటికీ చట్టముంది! కావాలంటే మన సంఘం లాయరు రాసిన ఉత్తరం చూసుకో!"

"ఏ ఉత్తరం?"

"అదే, నా సొరుగులో... మూడేళ్ళ నుంచీ..."

అక్కడ నోరు ఆగింది. కానీ అందరూ వినేశారు.

"టెస్సా! టెస్సా! మూల తిరుగుతోంది!" అని లోపలినుంచి మార్లిస్ అరిచింది. జనమంతా లోపలికి పరిగెత్తారు. చప్పట్లు, ఈలలు! పచ్చిక మీద ఆర్విన్ ఒక్కడే మిగిలాడు.

"మూడేళ్ళ నుంచీ తెలుసా?" అన్నాడు.

"తెలుసు," అన్నారు వెండెల్. దిగి మనవరాల్ని చూద్దామంటే, దిగితే ఎవరికీ ఆ పిల్ల కనబడదు. ఆయనకి ఏడుపొచ్చింది.

ఆర్విన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"కొంచెం ఎడమకి తిప్పు వెండెల్. మా కప్పు మీద అలాగే ఉండేది, బొమ్మ ఇంకా బాగుంటుంది," అని టెస్సాని చూడ్డానికి లోపలికి వెళ్ళిపోయాడు.

వెండెల్ గారు ఎడమకి తిప్పారు.