హార్లన్ ఓప్‌డాల్ ఎడమ జబ్బ

సర్కారు జీతం తినే ప్రతి ఒక్కరూ అక్టోబరు నెలాఖరులోగా కొవిడ్ టీకా వేయించుకుని తీరాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ఎవరినీ బలవంతపెట్టేది లేదని, ఇష్టం లేనివారు ఇంటికి వెళ్లి సంపూర్ణ స్వేచ్ఛను అనుభవించవచ్చునని అందులో ఉదారంగా రాశారు.

మా మాడ్రోనా దీవిలో ఆ ఉత్తర్వు వచ్చి హార్లన్ ఓప్‌డాల్ నెత్తిన పడింది. దీవినుంచి అవతలి ఒడ్డుకు కార్లనూ మనుషులనూ దాటించే సర్కారు ఫెర్రీలో అతను ఇంజన్ మేస్త్రీ. మేస్త్రీ లేనిదే పడవ కదలకూడదని చట్టం. హార్లన్‌కు భార్య తర్వాత ఆ ఇంజనంటేనే ప్రాణం. ఈ వరస విషయంలో భార్య లొరేన్‌కు కొన్ని అనుమానాలున్నాయి.

వసంతంలో ఒకనాడు బార్లో మూడో బీరు దగ్గర హార్లన్, తన జబ్బలో సూది దించాలంటే తన శవానికే దించాలని ప్రకటించాడు. నాలుగో బీరుకు ఆ మాట మరిచిపోయాడు. దీవి మరిచిపోలేదు. దాణాకొట్టు నడిపే వెర్నా స్టకీ స్వేచ్ఛా పరిరక్షణ సంఘం పెట్టి, వీరుడంటూ అతని బొమ్మతో ఊరంతా బోర్డులు పాతించింది. రిటైరైన ప్రొఫెసర్ పెన్‌హాలో గారు విజ్ఞాన సమర్థక సంఘం పెట్టి, మూర్ఖుడంటూ అదే బొమ్మతో బోర్డులు పాతించారు. ఇద్దరూ అచ్చు వేయించింది ఒకే ప్రెస్సులో.

వేసవిలో కూతురికి నెలలు నిండుతుండగా లొరేన్ ఒక్కటే మాట చెప్పింది. "సూది పొడిపించుకోకపోతే మనవరాలిని ముట్టుకోనివ్వను. నీ ఇంజన్నే ఎత్తుకుని జోకొట్టుకో." హార్లన్ చేపలవేట టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తనను ఎరిగినవారెవరూ లేని దూరపు ఊరికి పోయి రెండు సూదులూ పొడిపించుకుని వచ్చాడు. దీవిలో పిట్టకు కూడా తెలియనివ్వలేదు.

ఈలోగా ఉత్తర్వు దివ్యంగా అమలవుతోంది. టికెట్లు అమ్మేవాళ్లు పోయారు, తాళ్లు కట్టేవాళ్లు పోయారు. ఖాళీలను అధ్యయనం చేయడానికి పడవల శాఖ కొత్త అధికారులను నియమించింది. వారిలో పడవ నడపగలవారు లేకపోవడం అధ్యయనానికి ఎంతో తోడ్పడింది. జ్వరంతో మూలుగుతున్న ఒక సరంగును, టీకా వేయించుకున్నాడు గనుక నియమాలకు లోబడే దగ్గుతున్నాడని తేల్చి, డ్యూటీకి పిలిపించారు.

ఉద్యోగమా, పరువా అని గింజుకుని గింజుకుని, చివరికి గడువు రోజున హార్లన్ టీకా కార్డు ఆఫీసులో చూపించాడు. అతను ఇంటికి చేరేసరికే కబురు తెలిసిపోయి, వెర్నా హకిల్‌బెర్రీ పళ్ల తీపి రొట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"దొంగకార్డు ఎక్కడ సంపాదించావు నాయనా? సర్కారు కళ్లలో కారం కొట్టావు పో."

"దొంగది కాదు వెర్నా. నిజంగానే వేయించుకున్నాను."

"అలాగే అను. ఎవరడిగినా అలాగే అను," అని ఆమె కన్నుగీటి వెళ్లిపోయింది.

ప్రొఫెసర్ గారు మాత్రం తీపి రొట్టె తీసుకురాలేదు. ఇంతటి మూర్ఖుడు ఇంత తొందరగా మారడం గణాంకశాస్త్రానికి విరుద్ధమని, కార్డు దొంగదేనని పడవల శాఖకు ఫిర్యాదు చేశారు. ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు కదా. రాష్ట్ర రికార్డులు చూస్తే నిమిషంలో తేలిపోయేదే. కాని ఆ రికార్డులు చూసే గుమస్తా టీకా వేయించుకోక ఇంటికి పోయాడు. అందుచేత అవతలి ఒడ్డున, రేవు పక్కన హాల్లో, బహిరంగ విచారణ పెట్టారు.

విచారణ తేలేదాకా హార్లన్ బదులు తెచ్చిన అరువు మేస్త్రీతో నడిచిన పడవలో దీవి దీవంతా విచారణకు తరలివచ్చింది. ప్రొఫెసర్ గారు, "మానవ నాగరికత ఈ మనిషి జబ్బమీద ఆధారపడి ఉంది, ఆ జబ్బమీద టీకా లేదు," అని ఉపన్యసించారు. వెర్నా లేచి, ఆ జబ్బ అమ్మ కడుపులోంచి వచ్చినంత పవిత్రంగా ఉందని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. రెండేళ్లలో మొదటిసారిగా దీవి ఒక్కమాటమీద నిలబడింది. హార్లన్ ఎడమవైపు చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. జబ్బ జబ్బలాగే ఉంది. మనవరాలిని ఎత్తుకునే భాగ్యం దక్కినా, ఇంజన్ దక్కేలా లేదని అతనికి నిజంగా ఏడుపొచ్చింది. విచారణాధికారి తొలగింపు ఉత్తర్వు మీద సంతకానికి కలం తీశాడు.

అప్పుడే రేవు మైకు మోగింది. అరువు మేస్త్రీ డ్యూటీ ముగిసి ఇంటికి వెళ్లిపోయినందున ఆఖరి ఫెర్రీ రద్దు చేయడమైనదనీ, ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి శాఖ చింతిస్తున్నదనీ చెప్పింది.

వెర్నాకు పాలు పితకని మేకలు గుర్తొచ్చాయి. ప్రొఫెసర్ గారికి తన పరుపు గుర్తొచ్చింది.

"ఆలోచించి చూస్తే," అన్నారాయన గొంతు సవరించుకుని, "గణాంకశాస్త్రంలో మినహాయింపులున్నాయి. ఇతను వేయించుకున్నాడనే నా నమ్మకం."

"నేనూ నమ్ముతున్నాను," అంది వెర్నా. "మొహం చూస్తే తెలియడంలా, పొడిపించుకున్న మొహం."

ఫిర్యాదు వెనక్కి పోయింది. విచారణాధికారి ఇల్లు కూడా దీవిలోనే కాబట్టి తక్షణం ఉద్యోగంలో చేరమని ఆజ్ఞాపించాడు. హార్లన్ మెట్లు దిగి ఇంజన్‌ను ఒకసారి నిమిరి, స్టార్ట్ చేశాడు. దారిపొడవునా జనం అతని నిజాయితీని పొగిడారు. ఆ నమ్మకం చివరి కారు దీవిమీద దిగేదాకా చెక్కుచెదరలేదు. మర్నాడు రెండు సంఘాలూ బోర్డులకు కొత్త రంగు వేయించాయి.

ఇది చదువుతున్న మీరు హార్లన్‌ను నమ్ముతున్నారని నాకు తెలుసు. మీ కారు ఇంకా పడవమీదే ఉంది.