డుకీ దికీ మధ్య నా సీరియల్

'అబ్బాయినీ కాదు, అమ్మాయినీ కాదు' అని చెప్పుకునే పాత్రను తెలుగులో రాయడమంత సుఖం ఈ లోకంలో ఇంకోటి లేదు! నవ్వకండి. ముప్పై ఏళ్ళుగా వారపత్రికకు సీరియళ్ళు రాస్తున్నవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను.

ఈ పాత్రలొచ్చి మా ప్రాణాలు తోడేస్తున్నాయని తోటి రచయితలు ఒకటే గోల. క్రియ చివర 'డు' పెట్టాలా, 'ది' పెట్టాలా అని జుట్టు పీక్కుంటున్నారు. వెర్రివాళ్ళు! అసలు క్రియే రాయకపోతే సరి కదా? క్రియ లేకపోతే పాత్ర ఏ పనీ చేయక్కర్లేదు. పాత్ర పని చేయకపోతే మనం కథ ఆలోచించక్కర్లేదు. పైగా 'సున్నితమైన రచయిత' అని పేరొకటి. మన బద్ధకానికి ఇంత గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది?

నా సీరియల్ మొదటి వారం అలాగే లాగించాను. 'తలుపు చప్పుడు. గుమ్మంలో చెప్పులు. బల్ల మీద సగం కప్పు కాఫీ.' ఇదీ నా పాత్ర ప్రవేశం. అదిరిపోయిందనుకున్నాను. ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: ఇంట్లో దెయ్యం ఉందని మొదటి వారంలోనే తెలిసిపోతే ఇంక సస్పెన్స్ ఏం మిగిలిందండీ, అని.

రెండో వారం రూటు మార్చాను. 'కాఫీ తాగబడింది. తల దువ్వబడింది. దీర్ఘంగా నిట్టూర్చబడింది.' మున్సిపాలిటీ నోటీసులా ఉందన్నారు ఎడిటర్ గారు.

మూడో వారానికి మన్ననే మార్గమని తేలింది. 'వారు వచ్చారు. వారు కూర్చున్నారు.' ఎంత హుందాగా ఉందో చూడండి! కాకపోతే పేజీ తిరిగేసరికి హీరోయిన్ తల్లి చేత నాలుగు కుర్చీలు వేయించాను. పిలిచింది నేనే, ఎంతమంది వచ్చారో మర్చిపోయిందీ నేనే.

కొన్నాళ్ళు అబ్బాయిగా, కొన్నాళ్ళు అమ్మాయిగా అనిపించేవాళ్ళు కూడా ఉంటారట. జెండర్ ఫ్లూయిడ్ అంటారట. ఇంకేం, నా పంట పండింది! నాలుగో వారం నా పాత్రకి ఆ బిరుదు కూడా తగిలించి, సోమవారం 'డు', మంగళవారం 'ది' పెట్టుకుంటూ పోయాను. మా ప్రూఫ్ రీడర్ గారు జీవితమంతా ఇలాంటి తప్పులు దిద్దడానికే ధారపోసిన మనిషి. ప్రతి 'ది'నీ ఎర్రసిరాతో 'డు' చేసి, పక్కన 'రచయితకు ఒంట్లో కులాసానా?' అని రాశారు.

ఇక గౌరవం. దాంట్లో మాత్రం నన్ను కొట్టేవాడు లేడు. నా పాత్రకు కోపం రాదు. ఆకలేయదు. ముక్కు చీదదు. బస్సు కోసం పరిగెత్తదు. పొద్దస్తమానం కిటికీ పక్కన నిలబడి మానవత్వం గురించి ఉపన్యాసమిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. అంతకన్నా ఏం గౌరవం కావాలి?

"మీ గౌరవానికి ఊపిరాడక చచ్చేలా ఉంది పాపం," అంది మా ఆవిడ.

అక్కడితో ఆగిందా? "ఏవండీ, బస్సు వచ్చింది. పిల్లి వచ్చింది. మీ రాతలో నేనూ 'వచ్చింది'. ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళందర్నీ బస్సులతో, పిల్లులతో కలిపి రాస్తున్నారు. అప్పుడెప్పుడూ ఒక్క పూట అన్నం మానలేదే మీరు?" అని కూడా అంది. నేను పెన్ను క్యాప్ వెతుక్కున్నాను.

అసలీ పాత్ర నాకెక్కడ దొరికిందని మీరు అడగడం లేదు. అడగకపోతేనే బాగుండును కానీ, ఈ వారం కాలమ్ ఇంకా సగం మిగిలే ఉంది.

మా చెల్లెలి బిడ్డ పండు. మేనల్లుడనాలా, మేనకోడలనాలా అని నిఘంటువులు తిరగేసి, ఏదీ దొరక్క 'బిడ్డ' దగ్గర ఆగాను. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం మా ఇంట్లోనే మకాం. ఆరు నెలల కిందట అలాంటి ఒక ఆదివారం, మా వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, "మావయ్యా, నేను అబ్బాయినీ కాదు, అమ్మాయినీ కాదు. అద్దంలో చూసుకుంటే పక్కింటివాళ్ళెవరో తొంగిచూస్తున్నట్టుంటుంది. ముందు నీకే చెబుతున్నా. అమ్మకి ఇంకా చెప్పలేదు," అనడం జరిగింది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? "అలాగా!" అన్నాను. దగ్గరికి తీసుకున్నానా? లేదు. ఇంకో మాట అడిగానా? లేదు. ఒక్క ఉదుటున గదిలోకి పోయి ఆ అద్దం మాట కాగితం మీద రాసుకున్నాను, ఎక్కడ మర్చిపోతానో అని!

ఐదో వారం సీరియల్లో అది అక్షరం పొల్లుపోకుండా అచ్చయింది. పాత్ర చేత కళ్ళజోళ్ళు కూడా చేయించాను, సహజంగా ఉంటుందని. షాపులో అందరూ చదివారు. మా చెల్లెలూ చదివింది. కన్నబిడ్డ సంగతి దానికి వారపత్రికలో తెలిసింది, పేజీ అడుగున 'సశేషం'తో సహా.

ఆ ఆదివారం పండు రాలేదు.

'రాలేదు'కి డు, ది గొడవ లేదు, గమనించారా? రానివాళ్ళందర్నీ మన భాష ఒకేలా చూస్తుంది. వరసగా ఐదు ఆదివారాలు ఆ వాక్యం ఒక్క తప్పు లేకుండా రాయగలిగాను. రాసుకుంటుంటే ఏడుపొచ్చింది.

ఆరో ఆదివారం మా ఆవిడ నా కళ్ళజోడు తీసుకుని, నా కళ్ళ ముందే దాని కాడ పుటుక్కున విరిచి చేతిలో పెట్టింది. "వెళ్ళి బాగుచేయించుకు రండి," అంది.

మర్నాడు షాపుకి వెళ్ళాను. వెనక గదిలో పండు. అరగదీసే చక్రం తిరుగుతోంది. నన్ను చూసినా ఆ చక్రం ఆగలేదు.

"కాడెలా విరిగింది?"

"మీ అత్తయ్య విరిచింది."

నవ్వు ఆపుకోవడం స్పష్టంగా కనిపించింది. అదను దొరికింది కదా, క్షమాపణ అడగొచ్చు కదా? అబ్బే! నేను రచయితని. "పండూ, నీ గురించి రాసేటప్పుడు డు పెట్టమంటావా, ది పెట్టమంటావా? దాంతోనే చచ్చిపోతున్నాననుకో," అన్నాను.

"రు పెట్టు మావయ్యా. వచ్చింది ఒక్కరేనని తెలిసేలా రాయడం నీ పని."

ఇంత సులువా! లేవబోయాను.

"కూర్చో. నువ్వు నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడైనా డు, ది అడ్డొచ్చాయా? వచ్చావా, తిన్నావా, ఎలా ఉన్నావు... ఎక్కడైనా ఉన్నాయా అవి? నా మొహం చూసి మాట్లాడినంతసేపూ నీకు ఏ ఇబ్బందీ లేదు. నా వెనకాల నా గురించి చెప్పేటప్పుడే ఇన్ని తిప్పలు." చక్రం మీద అద్దం కీచుమంది. "అమ్మకి ఎలా చెప్పాలా అని ఏడాది పాటు మాటలు కూడబెట్టుకున్నా. అది నేను చెప్పుకోవాల్సిన మాట మావయ్యా. నువ్వు చదివించేశావు."

అయిదు వారాలు వ్యాకరణాన్ని తిట్టినవాణ్ణి. వ్యాకరణం నాకేం అన్యాయం చేసింది? 'నువ్వు' అనే మాట ఏ తేడా లేకుండా ఊరికే ఇచ్చింది. నేనే వాడలేదు.

'పొరపాటు జరిగిపోయింది' అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"తప్పు చేశాను పండూ," అన్నాను. "నీకెప్పటి నుంచి అలా అనిపిస్తోంది? ఎవరికీ చెప్పుకోలేక ఇన్నాళ్ళూ ఎలా ఉన్నావు?"

పండు చక్రం ఆపారు. చేతులు తుడుచుకుని స్టూలు దగ్గరికి లాక్కున్నారు. చాలాసేపు చెప్పారు. మధ్యలో ఒకసారి నా జేబులో పెన్ను వైపు అనుమానంగా చూస్తే, తీసి పండు బల్ల మీద పెట్టేశాను.

ఇక్కడిదాకా పండుకి చదివి వినిపించి, సరేనన్నాకే పంపుతున్నాను. ఆ తర్వాత విన్నది మాత్రం రాయలేదు. ఎడిటర్ గారూ, మీకు తెలియనిదేముంది, ఎనిమిది వారాలకు సరిపడా సరుకది. అందుకని ఈసారి కాలమ్ నాలుగంగుళాలు తక్కువొస్తుంది. ఆ జాగాలో ఏ షాంపూ ప్రకటనో వేసుకోండి.