మెట్ల మలుపులో మంచం

అద్దెకున్నవాళ్లను పదేళ్లు ఒకేచోట ఉండనిస్తే ఇల్లు వాళ్లదైపోతుందన్నది సొంత ఇల్లున్న చాలామంది మనసులో పాతుకుపోయిన నమ్మకం. రిటైరైన లెక్కల మాస్టారు దాన్ని ఏనాడూ నమ్మలేదు. వాన కురుస్తోందని ఎవరైనా చెబితే, కిటికీలోంచి చెయ్యి చాపి తడిస్తే తప్ప ఒప్పుకునే మనిషి కాదాయన.

ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పనల్లా వంటింటి కుళాయికి వాషరు మార్చడం. స్పానరు చేతబట్టారో లేదో, బావమరిది మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. రోజూ వచ్చి ఓ సలహా పారేసి వెళ్లడం అతని అలవాటు.

"బావా, కొంప మునిగింది! అద్దె ఇళ్లకు కొత్త చట్టం తెస్తున్నారు. ఒకే వాటాలో పదేళ్లున్నవాళ్లను ఇక కదపడానికి లేదట. ఎవరెక్కడ ఉంటున్నారో రాసుకోవడానికి ఇవాళ మన వీధికే వస్తున్నారు. ఆలోపే పైవాటా టైలరమ్మను ఖాళీ చేయించెయ్!"

"బిల్లు చదివావా?"

"చదవడమేంటి బావా, ఊరంతా అదే గోల అయితే!"

"ఎవరూ చదవని చట్టానికి జడిసి, ఇన్నేళ్లు పల్లెత్తు మాట పడని మనిషిని వీధిలో నిలబెట్టనా? ఆవిడ మిషన్లూ, బతుకూ ఆ రెండు గదుల్లోనే ఉన్నాయి. నేను చెయ్యను. ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో పో!"

బావమరిది నిజంగానే చెప్పుకోవడానికి వెళ్లాడు.

"మనకున్నది ఈ నాలుగు గోడలే కదండీ," అంది భార్య మెల్లగా. "ఒకవేళ నిజమైతే?"

ఆ 'ఒకవేళ' మాస్టారి బుర్రను తొలిచింది. అంతలోనే దారీ తట్టింది. చట్టం అంటున్నది 'ఒకే వాటా' గురించి. టైలరమ్మ కిందికి దిగి, తాము పైకెక్కితే, ఎవరూ ఎక్కడా పదేళ్లున్నట్టు కాదు. ఎవరినీ వెళ్లగొట్టనక్కర్లేదు. రాసుకునేవాళ్లు వెళ్లాక మళ్లీ ఎవరి చోటికి వాళ్లు. రుజువు పూర్తయిందనుకున్నారాయన.

"ఓ పూటకే కదా మాస్టారూ, మీరు చెప్పాక అడ్డేముంది?" అని టైలరమ్మ కారణం కూడా అడక్కుండా మిషన్లు దింపించింది. మాస్టారి టేకు మంచం మాత్రం మెట్ల మలుపులో అడ్డంగా ఇరుక్కుపోయింది. మలుపు కొలవకుండా మంచం ఎక్కించడం లెక్కల మాస్టారు చేయవలసిన పని కాదు. దాని కిందనుంచి వంగి దూరి, ఆయన ఎలాగో పైకి చేరారు.

జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్లు మిషన్లు దిగడం చూశారు. "మా టైలరమ్మను గెంటేస్తున్నారు!" అని గేటు దగ్గర పోగయ్యారు. అవతలినుంచి బావమరిది నలుగురు ఇంటి యజమానులను వెంటేసుకొచ్చాడు. హాల్లో టైలరమ్మా, బాల్కనీలో మాస్టారూ కనబడగానే గుండెలు బాదుకున్నాడు.

"చూశారా! చట్టం రాకుండానే ఇల్లు ఆక్రమించేసింది! మా బావను పైకి తరిమేసింది!"

"ఎవరు ఎవర్ని తరిమారయ్యా? పదేళ్లు దాటిందని మీరే కదా ఆవిణ్ణి పంపించేస్తున్నారు!" అని ఆడవాళ్లు ఎదురు తిరిగారు.

ఈ రభస మధ్యకు వివరాలు రాసుకునే గుమాస్తా సంచి తగిలించుకుని వచ్చాడు. "ఇంటి ఓనరెవరండీ?" అంటే, "పైనున్నాయన" అని కొందరు, "ఇప్పుడు కిందావిడే!" అని బావమరిది.

టైలరమ్మ చేతిలో కత్తెరతోనే మెట్ల దగ్గరికొచ్చి, మంచం కోళ్ల సందులోంచి పైకి చూసింది. "మాస్టారూ, పదేళ్లని ఏదో అంటున్నారు. ఇలా మారినందుకు నా పదేళ్లు పోయినట్టేనా?"

తన రుజువులో ఒక మనిషి లెక్కకు రాలేదని మాస్టారికి అప్పుడు తెలిసింది. బాల్కనీ కమ్మీ గట్టిగా పట్టుకున్నారు.

"రాసుకోవయ్యా గుమాస్తా! ఆవిడ పదేళ్లకు పైగా ఈ ఇంట్లోనే ఉంటోంది. ఇవాళ వాటా మార్పించి ఎత్తు వేసింది నేను. ఏ చట్టమైనా రానీ, ఎంతమందైనా రానీ, ఆవిణ్ణి కదిపేది లేదు!"

"బావా, నోరు ముయ్యి!"

"ఇల్లు నాది, నోరు నాది. నువ్వు ముయ్యి!"

గుమాస్తా అయోమయంగా చూశాడు. "ఆ పదేళ్ల మాట మీకెవరు చెప్పారండీ? ముసాయిదాలో అలాంటిదేం లేదు. ఒప్పందం కాగితం మీద ఉండాలి, నోటీసివ్వకుండా ఖాళీ చేయించకూడదు. ఇళ్లవాళ్లకూ అద్దెవాళ్లకూ అందులో ఉన్నది అదే. మీరు చదవలేదా?"

పొద్దున ఆ ప్రశ్న వేసింది మాస్టారే.

"లేదు," అన్నారాయన. ఆధారం ఎదురుగా ఉంది కనుక ఒప్పుకున్నారు.

తర్వాత రెండు వర్గాలూ కలిసి మంచాన్ని లాగాయి. అది పైకీ పోలేదు, కిందికీ రాలేదు.

"పోనీండి మాస్టారూ," అంది టైలరమ్మ. "కిందుంటే కొలతలివ్వడానికొచ్చే ముసలమ్మలకు మెట్లెక్కే బాధ తప్పుతుంది."

"పైన గాలీ బాగుందండీ," అంది భార్య.

బిల్లు ఇంకా చర్చలోనే ఉంది. కింద టైలరమ్మ, పైన మాస్టారి దంపతులు ఉంటున్నారు. ఒప్పందం కాగితం మీద రాసుకున్నారు. కుళాయికి వాషరు టైలరమ్మే వేసుకుంది. మంచం మలుపులోనే ఉంది. దాని కిందనుంచి వంగి దూరడానికి బావమరిది మోకాళ్లు సహకరించడం లేదు.