కోడి కింద కొలువు

సత్తెనపల్లిలో చీపురు యుగం ముగిసింది. ఈ సంగతి ప్రకటించింది ప్రభుత్వమూ కాదు, మునిసిపాలిటీ అంతకన్నా కాదు. సస్యబంధు పురుగుమందుల కంపెనీ వారి డీలర్ల ఆనంద విభాగం. జనవరిలో ఒక పొద్దున జీపుకు మైకు కట్టుకుని వచ్చి, "జాన్ బాషా గారి ఇంట చీపురు పట్టే పని నేటితో సమాప్తం" అని మూడు వీధులకు వినపడేలా చెప్పారు. ఆ మాట చెప్పే వేళకు జాన్ బాషా భార్య ఖుర్షిదా చేతిలో చీపురే ఉంది. జీపులో పెద్దవాళ్ళు వస్తున్నారని తెలిసి వాకిలి ఊడుస్తోంది.

సెల్‌ఫోనులో ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్త రోజులవి. జాన్ బాషాకు బజార్లో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. ఆ ఏడు పత్తికి పురుగు బాగా పట్టింది. పట్టించడంలో బాషా చేసిందేమీ లేదు, కానీ మందు అమ్మింది ఆయనే కాబట్టి కంపెనీ ఆయన సేవను గుర్తించింది. (పురుగు సేవను గుర్తించినట్టు ఎక్కడా వినలేదు.) ఇచ్చినవి రెండు. ఒకటి, లోపల ట్యూబులైటు వెలిగే పసుప్పచ్చ 'గోల్డ్ డీలర్' బోర్డు. రెండోది, తిరగలి పైరాయంత గుండ్రటి యంత్రం. దానంతటదే ఇల్లంతా తిరిగి దుమ్ము పీల్చేసుకుంటుందట. ఏ దేశంలో చేశారో పెట్టె మీద రాసే ఉంది గానీ, ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఆ పూట మన వీధిలో లేరు.

బోర్డు కొట్టెక్కింది. ఎదురు కొట్టు జయరావు రోజూ షట్టరు తీసి, ముందు దేవుడి పటానికి దండం పెట్టి, తర్వాత ఆ బోర్డు వంక చూసి నిట్టూర్చేవాడు. యంత్రం ఇంటికొచ్చింది. ఖుర్షిదా దానికి తాబేలని పేరు పెట్టింది. వాళ్ళత్త బతికున్న రోజుల్లో మిక్సీ కొంటే ఆవిడ ఏడాదిపాటు దానిమీద తువ్వాలు కప్పి ఉంచింది, చూస్తే భయమేసి. ఖుర్షిదా అంత పిరికిది కాదు. మీట నొక్కింది.

ఆ ఇంట్లో ఒక పిల్లి, ఒక మేక, ఒక చుక్కల కోడిపెట్ట ఉంటాయి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో వీటిని 'కదిలే అడ్డంకులు' అన్నారు. పిల్లి పేరు నవాబు. తాబేలు గుర్రుమని కదలగానే నవాబు బీరువా ఎక్కి, మర్నాడు పాలగిన్నె చూపిస్తే గానీ దిగలేదు. మేక వచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. యంత్రం ఇంగ్లీషులో ఏదో మొరపెట్టుకుని ఇంకోవైపు తిరిగింది. చుక్కల కోడి ఒక్కటే మర్యాదగా పక్కకు తప్పుకుంది, వెళ్తూ వెళ్తూ తన వంతు ఒక రెట్ట వేసింది. యంత్రం ఆ రెట్టను వదల్లేదు. హాలు, పడగ్గది, వంటిల్లు, నమాజు చాప పరిచే మూల అని తేడా చూడకుండా ఇల్లంతా సమానంగా పంచింది. రేషను సరుకులు కూడా ఈ ఊళ్ళో అంత సమానంగా ఎవరూ పంచలేదు.

ఖుర్షిదా ఇల్లు కడుక్కుంది.

రెండోసారి నడిపేటప్పటికి వాళ్ళ రెండెకరాల మిరపకాయలు వాకిట్లో ఎండబోసి ఉన్నాయి. గాలికి నాలుగు కాయలు, గుప్పెడు గింజలు హాల్లోకి వచ్చాయి. తాబేలు వాటిని నోటితో పీల్చి, మెత్తగా పొడి చేసి, వెనక నుంచి ఊదింది. పక్కింటి పానకాలు దగ్గుతూ గోడ మీంచి తలపెట్టాడు.

"ఖుర్షిదక్కా, ఏం తాలింపే తల్లీ అది? మా దూడ కూడా తుమ్ముతోంది!"

"తాలింపు కాదురా పానకాలూ. ఊడుస్తున్నాం."

బాషా ముక్కుకు తువ్వాలు కట్టుకుని సహాయ కేంద్రానికి ఫోను కలిపి, భార్య చేతికిచ్చాడు.

"మీ ఇంట్లో మిరపకాయలున్నాయా మేడమ్?" అని అడిగింది అవతలి గొంతు.

"ఏ ఊరినుంచి మాట్లాడుతున్నావు నాయనా?"

"బెంగళూరు మేడమ్."

"ఇది గుంటూరు జిల్లా. ఇక్కడ ఇళ్ళల్లో మిరపకాయలుండవు నాయనా, మిరపకాయల మధ్యలో ఇళ్ళుంటాయి."

"యంత్రాన్ని మిరపకాయలు లేని వాతావరణంలో మాత్రమే వాడాలి మేడమ్."

"అంటే ఊడవాల్సి వచ్చినప్పుడల్లా బెంగళూరు రమ్మంటావా?"

అవతల కొంచెంసేపు పాట వినిపించింది. తర్వాత, మీ అభ్యర్థన నమోదైంది, ధన్యవాదాలు అన్నారు.

ఆ రోజుతో తాబేలు హాలు మూలకు చేరింది. వైరు గోడకే ఉంది, పచ్చలైటు వెలుగుతూనే ఉంది. పని మాత్రం లేదు. అలాంటి ఉద్యోగాలు మన ఊళ్ళో చాలానే ఉన్నాయి కాబట్టి ఎవరూ తప్పుపట్టలేదు.

ఇంతలో చుక్కల కోడి పొదుగుకొచ్చింది. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఖుర్షిదా వాళ్ళమ్మ వేటపాలెంలో జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టి బతికిన మనిషి. కూతురి పెళ్ళికి పెట్టగలిగిందల్లా పెట్టి, బస్సెక్కించేటప్పుడు ఒళ్ళో ఒక కోడిపెట్టను కూడా పెట్టింది. ఆ పెట్టకు పిల్లలు, పిల్లలకు పిల్లలు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ వంశంలో మిగిలింది ఈ చుక్కల కోడి ఒక్కటే, అది కూడా ముసలిదైపోయింది. దాన్ని మూడుసార్లు పొదగేస్తే మూడుసార్లూ నవాబు పిల్లల్ని నోట కరుచుకుపోయాడు. ఇదే ఆఖరిసారని ఖుర్షిదాకు తెలుసు, కోడికి కూడా తెలుసేమో.

ఇల్లంతా వెతికింది. పిల్లి రాని చోటు ఒక్కటే కనిపించింది. తాబేలుంటే నవాబు ఆ మూలకు మూతి కూడా తిప్పడు. పైగా అక్కడ వెచ్చగా ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా పొదిగే గంపలో ఒక ఇనుప ముక్క పెట్టడం తాతల నాటి నుంచి ఉన్నదే. గంపనే ఇనుము మీద పెడితే ఇక తిరుగేముంది? ఊక, బూడిద వేసి, గుడ్లు పేర్చి, కోడిని కూర్చోబెట్టి, గంప తీసుకెళ్ళి తాబేలు నెత్తిన పెట్టింది.

"అదంతా ప్లాస్టిక్కే," అన్నాడు బాషా.

"అంత యంత్రంలో ఒక్క ఇనుప మేకైనా ఉండకపోతుందా?" అంది ఖుర్షిదా.

యంత్రం వచ్చాక అంత బాగా పనిచేసింది అప్పుడే. పిల్లిని కాసింది, కోడిని మోసింది, ఇంగ్లీషులో ఒక్క మాట అనలేదు.

సరిగ్గా అప్పుడే కంపెనీ నుంచి కబురొచ్చింది. నిబంధన పదకొండు ప్రకారం, ఇచ్చిన బహుమతిని వాడకుండా ఉంచుట కంపెనీని అవమానించుటతో సమానం. తనిఖీలో యంత్రం నడుస్తూ కనపడని పక్షంలో బోర్డు విప్పి, అమ్మకాల్లో తర్వాతి స్థానంలో ఉన్నవారికి బిగించబడును. ఆ తర్వాతి స్థానం జయరావుది.

"ఆ గంప దించు ఖుర్షిదా. ఎల్లుండి ఆఫీసరొస్తున్నాడు."

"దించను. పిల్లలు బయటికొచ్చాకే దించేది."

"బోర్డు పోతుందే! ఆ జయరావుగాడి కొట్టుకు పోతుంది!"

"మీ బోర్డు పోతే ఇంకో ఏడు ఇంకో బోర్డిస్తారు. మా అమ్మ ఇంకో కోడినిస్తుందా?"

బాషా రెండు రోజులూ గొణుగుతూనే ఉన్నాడు.

వచ్చిన ఆఫీసరు పేరు జక్రయ్య. హోదా, బహుమతుల వినియోగ పర్యవేక్షకులు. చంకలో ఫైలు, మెడలో కెమెరా. కుర్చీలో కూర్చుని, టీ తాగి, గంప వంక, గంపలోంచి తనను చూస్తున్న కోడి వంక చూశాడు.

"యంత్రాన్ని ఖాళీగా ఉంచారా అమ్మా?"

"ఖాళీ ఎక్కడండీ? రాత్రీ పగలూ డ్యూటీలోనే ఉంది."

"ఏం డ్యూటీ?"

"పొదుగుడు. పిల్లి కాపలా. ఉరుములొస్తే ఉరుముల కాపలా."

జక్రయ్య ఫైలు తిరగేశాడు. అందులో డ్యూటీ కింద 'నేల' అని ఒక్క గడే ఉంది. పెన్ను మూత తీశాడు. బాషా మొహం ఎండిన వంగ తొడిమలా అయింది.

అప్పుడే ఆకాశం ఉరిమింది.

"అక్కోయ్! వాన! కాయలు!" అని గోడ అవతలి నుంచి పానకాలు కేక.

మిరపకాయలు ఎండబోసిన ఊళ్ళో వాన చినుకు పడితే అక్కడ ఇక ఆఫీసర్లు, డీలర్లు అని ఉండరు. నలుగురూ వాకిట్లోకి పరిగెత్తారు. జక్రయ్య కూడా మిరపతోటల్లో పెరిగినవాడే. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పట్టా రెండు కొసలూ పట్టుకుని, "అటు లాగు! అటు లాగవయ్యా బాషా! ముందు నడిమి కుప్ప!" అని అరిచాడు. ఫైలు ఎక్కడ పడేశాడో ఆయనకే తెలీదు. కాయలు మొత్తం హాల్లోకి చేరాయి. వాటితోపాటు మేక, ఎనిమిది కాళ్ళ బురద కూడా చేరాయి. పానకాలు తన దూడను చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. తల తుడుచుకుంటుంటే జక్రయ్యకు ఫైలు కనపడింది. ఫైలు కనపడగానే ఆయన మళ్ళీ ఆఫీసరైపోయాడు.

"నేల మురికిగా ఉంది. తనిఖీకి ఇంతకన్నా అనువైన వేళ దొరకదు. గంప దించి మీట నొక్కండి."

ఇంకోసారి ఉరిమింది. ఖుర్షిదా గంప మీద రెండు చేతులూ వేసింది.

"ఉరుముతుంటే గుడ్లను ఇనుము మీంచి దించమంటారా? మీ ఇంట్లో కోళ్ళు లేవా?"

జక్రయ్య పెన్ను ఆగింది. "మా అమ్మ గంపలో కొడవలి ముక్క పెట్టేది," అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు సవరించుకుని, "నిబంధనల్లో మాత్రం ఉరుముల ప్రస్తావన లేదు," అన్నాడు.

అప్పుడు జాన్ బాషా బుర్రలో వెలిగిన ఉపాయం ఏ వకీలుకూ వెలిగేది కాదు.

"అయ్యా, గంప చోటు మారకూడదు, అంతేగా? గంపకు చోటేది? యంత్రం. చోటే లేచి నడిస్తే గంప చోటు మారినట్టా?"

జక్రయ్య ఈ వాదనను అటూ ఇటూ తిప్పి చూసి, చెల్లుతుందని తీర్పిచ్చాడు. ఖుర్షిదా మొగుడి మొహం చూసింది. ఆ మొహంలో జయరావు కొట్టు మీద వెలుగుతున్న పసుప్పచ్చ బోర్డు స్పష్టంగా కనపడుతోంది. "గంప నేనే పట్టుకుంటా. ఒక్క గుడ్డు పగిలిందా, మీ బోర్డు నేనే పగలగొడతా," అంది.

వైరు పీకి మీట నొక్కారు. కోడితో సహా యంత్రం బయల్దేరింది. ముందు తాబేలు, దాని నెత్తిన గంప, గంపలో రాణీలా చుక్కల కోడి, గంప ఒరగకుండా రెండు చేతులతో పట్టుకుని నడుం వంచి హాలంతా తిరుగుతూ ఖుర్షిదా. నడుం వంచిన తీరు చీపురు పట్టేటప్పటి తీరే, కాబట్టి ఆవిడకు కొత్తగా శిక్షణ అవసరం రాలేదు. బీరువా మీంచి నవాబు చూశాడు. జక్రయ్య ఫోటో తీశాడు. (అందులో యంత్రం కనపడదు. కోడి బాగా పడింది.)

అంతా సవ్యంగా జరిగేదే. కానీ యంత్రం జక్రయ్య బూటును అడ్డంకిగా గుర్తించి పక్కకు తిరిగింది. ఆ పక్కన మిరపకాయల కుప్ప ఉంది.

మొదట బాషా పరిగెత్తాడు. తర్వాత మేక తాడు తెంపుకుంది. జక్రయ్య కళ్ళు మూసుకుని గుమ్మం వెతుక్కుంటూ వానలోకి వెళ్ళిపోయాడు. నవాబు బీరువా మీంచి కిటికీలోకి, కిటికీలోంచి పానకాలు ఇంట్లోకి దూకాడు. ఆ ఘాటులో నిలబడింది ఒక్క ఖుర్షిదాయే. చేతులు వదిలితే గంప దొర్లుతుంది. కొంగు పళ్ళ మధ్య బిగించి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగా, కాలి బొటనవేలితో మీట వెతికి నొక్కింది. తాబేలు ఆగింది. కోడి కళ్ళు మూసుకుని ఉంది, లేవలేదు. అది గుంటూరు జిల్లా కోడి.

ఆవిడ అలాగే కూలబడి గంప మీద చెవి పెట్టింది. లోపల ఎవరో గోటితో తలుపు కొట్టినట్టు చిన్న చప్పుడు. ఇంకోసారి. కోడి రెక్క కొంచెం ఎత్తి చూస్తే, పెంకులోంచి బియ్యపు గింజంత ముక్కు బయటికొచ్చి ఉంది.

"అమ్మీ," అంది ఖుర్షిదా. కోడినన్నదో, వేటపాలెం అమ్మనన్నదో చెప్పలేం.

వాన వెలిసింది. మగవాళ్ళిద్దరూ తడిసి లోపలికొచ్చి, నవారు మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు. హాలు నిండా బురద, మిరపగింజలు, మేక పెంటికలు. జక్రయ్య ఎర్రటి కళ్ళతో ఫైలు తెరిచాడు. మిగిలింది ఒక్క ప్రశ్నే. దానికి బహుమతి పొందినవారే జవాబివ్వాలి.

"యంత్రం వచ్చిన తర్వాత మీరెప్పుడైనా చీపురు పట్టవలసి వచ్చిందా?"

"లేదండీ!" అన్నాడు జాన్ బాషా, నిజాయితీగా గుండె మీద చెయ్యేసుకుని. "ఒక్కసారి కూడా లేదు."

"అంతకుముందు?"

"అంతకుముందు కూడా లేదండీ."

అంతకుముందుకు ఫైల్లో గడి లేదు. జక్రయ్య 'సంపూర్ణ సంతృప్తి' దగ్గర టిక్కు పెట్టి, బోర్డు ఇంకో ఏడాది ఉంచవచ్చునని సంతకం చేశాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

"కాళ్ళు కొంచెం పైకెత్తండి," అంది ఖుర్షిదా, చీపురుతో మంచం దగ్గరికొచ్చి.

ఇద్దరూ ఎత్తారు.