మీల్ మేకర్‌కి విడిగా గుడారం

అతిశయోక్తి అన్నది నా నోట వచ్చి ఎరగదు. కావలిస్తే నన్నెరిగిన లక్షమందిలో ఎవరినైనా అడగండి. అందుచేత ఇప్పుడు చెప్పబోయేది ఉన్నదున్నట్టు జరిగిందనుకునే చదవాలి.

నీటి సరఫరా ఆఫీసులో రికార్డులు చూసే గుమాస్తా ఒకాయన ఉన్నాడు. పైవాళ్ళు ఏమన్నా 'చిత్తం' అనడమే తప్ప 'ఎందుకు' అని అడిగి ఎరగడు గనక అందరూ ఆయన్ని చిత్తంగారనే పిలిచేవారు. ఏటా ఆ ఆఫీసు నుంచి నలుగురు కొండెక్కి, మూడు రోజులు నడిచి, ఊటల్లో నీళ్ళెంత ఉన్నాయో కొలిచి రావాలి. కిందటేడు వెళ్ళినవాళ్ళు బియ్యం, బంగాళాదుంపలు, ఇత్తడి గిన్నెలు మోసుకుపోయి, సగం దారిలో నడుములు పట్టుకుని కూలబడి, ఊట మొహం చూడకుండానే దిగొచ్చారు. ఈసారి తిండి బాధ్యత చిత్తంగారి మీద పడింది.

"ఈ పని నెగ్గుకొచ్చారంటే హెడ్ గుమాస్తా కుర్చీ మీదే," అంది ఆఫీసరు మేడమ్.

ఆ కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. చిత్తంగారి కుర్చీ పన్నెండేళ్ళుగా మరుగుదొడ్డి తలుపు పక్కన ఉంది. ఆశ ఎంతటిదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

సోమవారం పొద్దున్న ఆయనకి ఉపాయం తట్టింది. మీల్ మేకర్! అదేనండి, కిరాణా కొట్లో దొరికే ఎండు సోయా ముక్కలు. తూకానికి బెండు. నానబెడితే మాంసంలా నమలొచ్చు. నలుగురికి మూడు రోజుల కూర ఒక్క సంచిలో ఇమిడిపోతుంది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. వీపుకి తగిలించుకునే సంచులు అరువిస్తానన్నది అతనే.

చెక్కగోడకి అవతల మేడమ్ కూర్చుని ఉంది. ఆవిడ చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో చదివి, వంటొచ్చిన మొగుణ్ణి కట్టుకున్న అదృష్టవంతురాలు. సోయా ముక్కల్ని కంచంలో చూసిందే గానీ కొట్లో వాటినేమంటారో వినలేదు. పైగా మన భాషలో ఆడమనిషికైనా బంగాళాదుంపకైనా 'వస్తుంది' అనే అంటాం. గోడ ఇవతలి మాటలు అవతలికి ఇలా వినబడ్డాయి:

"మాంసం ఊసెత్తకురా. ఈసారి మాతో మీల్ మేకర్ వస్తుంది... ఆఁ, ఎండిపోయే ఉంటుంది, అందుకే తేలిక... చోటెందుకురా, నా సంచిలో ఓ మూల కుక్కేస్తాను... చెడిపోవడమా? ఏడాదైనా చెక్కుచెదరదు. సాయంత్రం మరిగే నీళ్ళలో పడేస్తే పది నిమిషాల్లో ఉబ్బుతుంది. అప్పుడు పట్టుకుని గట్టిగా పిండెయ్యడమే... వాసనా? మొదట కాస్త ఉంటుంది. రెండుసార్లు పిండితే అదే పోతుంది."

మేడమ్ చేతిలో పెన్ను ఆగిపోయింది. మీల్ అంటే భోజనం, మేకర్ అంటే చేసే మనిషి. ఆవిడ గంట కొట్టి బంట్రోతుని పిలిచింది.

"చిత్తంగారు కొండ మీదికి మీల్ మేకర్‌ని తీసుకెళ్తున్నారట. నీకు తెలుసా?"

"తెలుసండి. మంచి ఆలోచనండి. మా ఇంట్లోనూ ఉందండి."

"మీ ఇంట్లోనా! నువ్వు కూడా వేడినీళ్ళలో వేస్తావా?"

"వెయ్యకపోతే ఎలాగండీ? గట్టిగా ఉంటే ముసలాళ్ళ పళ్ళూడిపోవూ?"

"పాపం అనిపించదూ?"

బంట్రోతు కాస్త ఆలోచించాడు. "మాంసమైతే పాపం గానీ, ఇందులో ఏముందండీ?"

మేడమ్ మంచినీళ్ళు తాగి, అతన్ని పంపేసింది. తన కళ్ళముందు ఇలాంటిది జరగనిచ్చే మనిషి కాదావిడ.

మంగళవారం చిత్తంగారి బల్ల మీదికి కాగితం వచ్చింది. 'మీల్ మేకర్‌కు విడిగా గుడారం ఏర్పాటు చేయవలెను.'

'వాన పడితే నానిపోతుందని కాబోలు. ఎంత ముందుచూపు!' అనుకుని, చిత్తం అని రాసి పంపాడు. బుధవారం ఇంకో కాగితం. 'మీల్ మేకర్‌ను ఎవరూ ఏ పరిస్థితిలోనూ పిండరాదు.' కూర నీళ్ళోడుతుందే అని బాధపడి, చిత్తం అన్నాడు. గురువారం వచ్చినది చూస్తే మాత్రం చెమటలు పట్టాయి. 'మీల్ మేకర్ సమ్మతి పత్రం. సంతకం గాని వేలిముద్ర గాని తప్పనిసరి.'

"ఇదేమిటయ్యా?" అన్నాడు బంట్రోతుతో, గొంతు తగ్గించి.

"వెళ్ళి అడగండి."

"అడిగితే కుర్చీ పోదూ?"

"అయితే అడక్కండి. ముద్ర కావాలన్నారు, వెయ్యండి."

చిత్తంగారు పొట్లంలోంచి ఒక ముక్క ఏరి, సిరా దిండు మీద అద్ది, కాగితం మీద నొక్కాడు. మేడమ్ ఆ ముద్రని భూతద్దంతో చూసింది.

"చాకిరీ చేసి చేసి గీతలన్నీ అరిగిపోయాయి తల్లీ!" అంటూ బుడ్డెడు కన్నీళ్ళు కార్చింది. సరే, రెండు చుక్కలు. ఇందాక లక్షమంది అన్నాను చూశారూ, వాళ్ళూ పదిమందికి మించరు. ఆ పూటే ఆవిడ ఆ ముద్ర కాగితం జతచేసి పెద్దాఫీసుకి ఉత్తరం రాసింది. ఇలాంటి దిక్కులేని మనిషిని రోజుకూలి మీద వాడుకోవడం అన్యాయమనీ, మీల్ మేకర్ అన్న శాశ్వత ఉద్యోగం ఒకటి మంజూరు చెయ్యాలనీ.

శనివారం పొద్దున్న నలుగురూ సంచులు తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డారు. మేడమ్ తన ఉన్ని స్వెటర్ చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏదీ?"

"ఏది మేడమ్?"

"మీల్ మేకర్ అండీ! ఎక్కడుంది?"

"సంచిలో ఉంది మేడమ్."

"సంచిలోనా! ఊపిరాడద్దూ?"

"గాలి తగిలితే మెత్తబడుతుందని మూతి బిగించేశాను."

మేడమ్ ఒక్క అంగలో ఆయన్ని చేరి, సంచి లాగి, తాడు తెంపి బోర్లించింది. సోయా ముక్కలు బూట్ల మధ్య బొలబొలా దొర్లిపోయాయి. ఆవిడ వంగి ఒకటి తీసుకుంది.

"ఇది సోయా."

"చిత్తం. మీల్ మేకర్."

"మరి వేలిముద్ర?"

"మీ చేతిలో ఉన్నదాని లాంటిదే వేసింది మేడమ్."

ఎవరూ నవ్వలేదు. బంట్రోతు ఒక్కడే దగ్గొచ్చినట్టు గోడ వెనక్కి వెళ్ళాడు. కిటికీ పక్క కుర్చీ గాల్లో తేలిపోతున్నట్టు కనబడింది చిత్తంగారికి. సరిగ్గా అప్పుడే తపాలా వచ్చింది. మీల్ మేకర్ ఉద్యోగం మంజూరైంది. సదరు వేలిముద్రగల వ్యక్తి తక్షణం చేరాలి, చేరకపోతే కారణాలు రాతపూర్వకంగా తెలపాలి.

ఆ కారణాలు రాతలో ఎలా ఉంటాయో మేడమ్ ఊహించుకుంది. చేతిలోని ముక్కని చిత్తంగారి చేతిలో పెట్టింది.

"చేరినట్టు కాగితం మీద మళ్ళీ ఇదే ముద్ర వెయ్యండి. ఇవాళ్టినుంచి మీల్ మేకర్ మీరే."

"చిత్తం..." అని, జీవితంలో మొదటిసారి ఆయన ఇంకో మాట కలిపాడు. "మరి కుర్చీ, మేడమ్?"

"ఆ ఉద్యోగానికి కుర్చీ లేదు. గుడారముంది."

వాళ్ళు కొండెక్కారు. బరువు లేదు గనక ఊటలన్నీ కొలిచి, మూడో రోజు సాయంత్రానికి దిగొచ్చారు. తిరిగొచ్చాక గుడారాన్ని ఆఫీసు ఆవరణలో వేశారు. దానికి నాలుగు వైపులా కిటికీలే. కిటికీ పక్క కుర్చీ దక్కిన కొత్త హెడ్ గుమాస్తా అప్పుడప్పుడు గాలికోసం అక్కడికి వచ్చి కూర్చుంటాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే: పెద్దాఫీసు నుంచి జవాబు రెండు రోజుల్లో వచ్చిందన్నాను.