అక్క కడుపుకు ఎవరిదో కొలత

ఆరోగ్యంగా ఉండి కూడా రోగి అనిపించుకోవడంలో ఎంత సుఖముందో మీకు తెలియదు. మా అక్కకు తెలుసు. ఐదో నెలలో వచ్చిన ఒక ల్యాబ్ రిపోర్టు ఆమెకు ఆ భాగ్యం కలిగించింది.

యోని అనే మాట అచ్చులో కనిపిస్తే పేజీ తిప్పేసే పెద్దలు ఇక్కడే సెలవు తీసుకోవచ్చు. మిగిలినవాళ్ళకు చిన్న పాఠం. అక్కడ లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. గర్భం వచ్చాక చాలామందిలో పాలను పెరుగు చేసే సూక్ష్మజీవుల దగ్గరి చుట్టాలదే పెత్తనం. కొందరిలో మాత్రం రకరకాలవి కలిసి ఉమ్మడి కాపురం చేస్తాయి. కొన్ని జాతుల స్త్రీలలో ఈ ఉమ్మడి కాపురం ఎక్కువ. వాళ్ళలో చాలామంది పండంటి బిడ్డల్ని కంటూనే ఉన్నారు. మా అక్కదీ ఆ ఉమ్మడి కాపురమే.

ఈ సంగతి రిపోర్టు కొట్టే కంప్యూటరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. అక్క పేరు పక్కన ఎర్రటి అక్షరాల్లో ‘అసాధారణం’ అని కొట్టి పారేసింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. కాబట్టి ఏ కాగితం వచ్చినా చదివి అర్థం చెప్పే ఉద్యోగం నాది. చదివాను. అక్క అత్తవారిల్లు స్వర్గమైపోయింది!

వంటింట్లో సింకు ఏ మూల ఉందో తెలియని బావ గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. అక్క అత్తగారు టీవీ రిమోటు తనంతట తానే కోడలి చేతిలో పెట్టింది. ఆరోగ్యం ఏ ఆడదానికైనా ఇంత మర్యాద తెచ్చిపెట్టిందా?

అక్కను చూడ్డానికి నాతో వచ్చిన అమ్మ ఒక్కతే నన్ను పక్కకు లాగింది.

“ఏమే, అక్కడ పురుగులున్నాయని రాశారా?”

“పురుగులు కాదమ్మా, సూక్ష్మజీవులు. అందరికీ ఉంటాయి.”

“నాకు లేవు. మేం శుభ్రంగా ఉండేవాళ్ళం.”

అక్క ఆ మాట విన్నది. ఆ రోజే మందుల షాపులో అడిగి సబ్బు మార్చింది, బట్టలు ఉడకబెట్టింది. సబ్బుల కంపెనీ బాగుపడింది, మందుల షాపు బాగుపడింది. ఒక్క ఎర్ర మాట ఇన్ని పొయ్యిలు వెలిగిస్తుంటే కాదనడానికి మనమెవరం?

అసలు ఈ పద్ధతిని కడుపు దగ్గరే ఎందుకు ఆపాలి? టైలరు కూడా ఒకావిడ కొలత తీసుకుని ఊరందరికీ జాకెట్లు కుట్టాలి. పట్టనివాళ్ళను ఆసుపత్రిలో చేర్పించాలి. చెప్పులషాపుల్లో ఒకే సైజు పెట్టాలి, నడవలేనివాళ్ళ కాళ్ళకు ఎర్ర చీటీ అంటించాలి. ఎంత హాయి!

ఒక సాయంత్రం టీ తీసుకుని అక్క గదిలోకి వెళ్ళాను. పొట్టమీద చెయ్యేసుకుని తలవంచి లోపలి బిడ్డతో మాట్లాడుతోంది.

“నా వల్ల నీకేమైనా అవుతుందేమో చిన్నీ. ఏమనుకోకు.”

టీ అక్కడ పెట్టి, మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మంటా దురదా ఉన్నాయా అని అడిగింది. పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ ఏదీ లేదని తేల్చింది. బిడ్డ గుండె చప్పుడు మాకూ వినిపించింది.

“బిడ్డ బాగుంది. నీకు జబ్బేం లేదమ్మా.”

“మరి ఆ ఎర్ర అక్షరాలు?” అన్నాను నేను.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఈ టెస్టు తయారుచేసినప్పుడు వాళ్ళు చూసింది వేరే జాతి ఆడవాళ్ళనమ్మా. మీవాళ్ళలో ఏది మామూలో ఎవరూ లెక్క తీయలేదు.”

“ఎందుకు తీయలేదు? మేం పిల్లల్ని కనడం లేదా?”

“మీవాళ్ళు ముందుకు రారమ్మా.”

“ఎవరైనా పిలిచారా?”

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని తర్వాతి పేషెంటును పిలిచింది.

ఇంటికొచ్చి కబురు చెప్పగానే బావ తోముతున్న గిన్నెను సగంలో వదిలి చేతులు కడుక్కున్నాడు. రిమోటు అత్తగారి ఒళ్ళోకి చేరింది. అక్క నవ్వుకుంటూ సింకు దగ్గరికి నడిచింది. గిన్నెల గురించి నాకు ఫిర్యాదేమీ లేదు.

అసాధారణం కావడం అదృష్టమని ఇంతసేపు వాదించాను. మాట మీద నిలబడతాను. అంత అదృష్టం మాకొక్కళ్ళకే దక్కడం మాత్రం అన్యాయం. అందుకే లెక్కలు తీసే పెద్దలకు నా మనవి. ఈసారి మా అక్కతో మొదలుపెట్టండి. ఆమెకు సరిపోలని ప్రతి గర్భిణి పేరు పక్కనా ఎర్ర అక్షరాలు కొట్టించండి. వాళ్ళిళ్ళలోనూ మగవాళ్ళు గిన్నెలు తోముతారు. వాళ్ళూ ఒక సాయంత్రం పొట్టమీద చెయ్యేసుకుని, ఇంకా పుట్టని బిడ్డకు క్షమాపణ చెప్పుకుంటారు.

అప్పుడు చూద్దాం, ఆ కంప్యూటరుకు సంగతి చెప్పడానికి ఎంతసేపు పడుతుందో.